మంగళవారం వంతు

లిఫ్టులో కొత్త కాగితం అంటించి ఉంది. మా అసోసియేషన్ సెక్రటరీగారు ప్రతి చిన్న విషయానికీ కాగితం అంటిస్తారు. గుమ్మం ముందు చెప్పుల గురించి, బాల్కనీలో కుండీల గురించి, చివరికి కాగితాలు చింపేవాళ్ళ గురించి కూడా. అందుకే మా చెల్లెలు ఆయనకు సర్క్యులర్‌గారని పేరు పెట్టింది. ఆ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, ఒకసారి నేను ఆయన ఎదుటే పొరపాటున అనేసి దగ్గుతో సర్దుకోవలసి వచ్చింది.

ఈసారి కాగితం మెషీన్ల గది గురించి. దాన్ని మూసేసి జిమ్ కడతారట. మునిసిపాలిటీ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి వెళ్ళగానే పని మొదలుపెడతారట. నా అంతస్తు వచ్చి తలుపులు తెరుచుకున్నా దిగడం మరిచిపోయాను. లిఫ్టు నన్ను మళ్ళీ కిందికి తీసుకుపోయింది.

మాది ముందు బ్లాకు. వీధి వైపు ఉంటుంది, అన్నీ సొంత ఇళ్ళు. వెనక బ్లాకు మునిసిపాలిటీది. రాబడి తక్కువ ఉన్నవాళ్ళకు తక్కువ అద్దెకు ఇస్తారు. వెనక బ్లాకు కట్టిస్తానని ఒప్పుకున్నందుకే బిల్డరుకు ముందు బ్లాకు ఇంత ఎత్తు లేపడానికి అనుమతి దొరికింది. ఆ సంగతి మా వైపు ఎవరికీ గుర్తు చెయ్యకూడదు. చేస్తే, పెళ్ళిలో పాత తగాదా ఎత్తినట్టు మొహాలు మాడిపోతాయి.

రెండు బ్లాకుల మధ్య మా స్థలంలో ఒక పొడుగాటి గది ఉంది. అందులో రెండు పెద్ద వాషింగ్ మెషీన్లు, బట్టలు ఆరబెట్టే మెషీన్ ఒకటి. వెనక బ్లాకు ఇళ్ళలో స్నానాల గది ఒక మనిషి పక్కకు తిరిగితే మోచెయ్యి గోడకు తగిలేంత. అక్కడ మెషీన్ పెట్టుకోవడం కుదరదు. అందుకని ఆ గదిని ఉమ్మడిగా ఉంచారు. ఒప్పందంలో షరతు ఒకటే: రెండు బ్లాకుల వాళ్ళూ వాడుతున్నంత కాలం అది ఉమ్మడిది. ముందు బ్లాకు వాళ్ళు వాడటం పూర్తిగా మానేశారని ఇన్‌స్పెక్టరు తేలిస్తే, స్థలం మాది కాబట్టి మా ఇష్టం. ఇది రెండు వైపులా పిల్లలకు సైతం తెలిసిన విషయమే.

ముందు బ్లాకులో అందరూ ఎప్పుడో ఇంట్లోకి మెషీన్లు కొనుక్కున్నారు. మేం కొనలేదు. కొందామని నేనన్నప్పుడల్లా మా చెల్లెలు అడ్డం పడేది. "మెషీన్ ఇంటికొస్తే నాకు కబుర్లెవరు చెబుతారక్కా, నువ్వా?" అనేది. మంగళవారం సాయంత్రం బుట్ట నడుముకు ఆనించుకుని దిగేది. తిరిగొచ్చేటప్పటికి బట్టల్లో వేడి, నోటినిండా వెనక బ్లాకు వార్తలు. నేను పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

వానాకాలం చివర ఒక మధ్యాహ్నం ఆమె పనిచేసే కళ్ళద్దాల షాపులో, ఎవరికో ఫ్రేము సరిచేస్తూ పడిపోయింది. స్కూల్లో నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఆ తరవాత నేను మెషీన్ల గదికి వెళ్ళలేదు. నా బట్టలు బకెట్లో నానబెట్టి చేత్తో ఉతుక్కున్నాను. ఆమె విడిచిన బట్టలు బుట్టలో అలాగే ఉన్నాయి.

ఆదివారం ఉదయం సర్క్యులర్‌గారు ఇంటికి వచ్చారు. చేతిలో పళ్ళ సంచి. మా చెల్లెలు పోయిన రోజు నిజంగా పరుగులు పెట్టిన మనిషి ఆయన. ఆసుపత్రిలో కావలసినవన్నీ తనే చూశారు. అది నేను మరిచిపోయేది కాదు.

"వేళకి తింటున్నారా టీచరుగారూ?"

"తింటున్నానండి. కూర్చోండి."

కూర్చున్నారు. మా చెల్లెలు కూర్చునే కుర్చీ తప్పించి పక్కదాంట్లో కూర్చున్నారు. అంత తెలిసినవాడే.

"కాగితం చూసే ఉంటారు. మీ నుంచి కావలసింది ఒక్క మాట. మన బ్లాకులో ఆ గదికి వెళ్ళింది చెల్లాయిగారొక్కరే. ఇన్‌స్పెక్టరు అడిగితే, 'మా ఇంట్లోంచి ఇప్పుడెవరూ వాడటం లేదు' అనండి చాలు. అబద్ధం కూడా కాదు."

అబద్ధం కాదు నిజమే.

"మరి వెనక వాళ్ళ సంగతో?" అన్నాను.

"పెద్ద రోడ్డు దాటితే డబ్బులేసి ఉతుక్కునే షాపుంది కదండీ. అయినా వాళ్ళకీ అంత అవసరం లేదు. బయటికి మాత్రం వంతులు చాలట్లేదని ఒకటే గోల. మంగళవారం సాయంత్రాలు నేను బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నా. లైటుండదు, చప్పుడుండదు. ఖాళీ! నిజంగా అవసరమున్నవాళ్ళు అలా వదిలేస్తారా చెప్పండి?" ఆయన గొంతు తగ్గించారు. "సగం జీవితం ధారపోసి కొన్నానమ్మా ఈ ఇల్లు. కిందికి దిగితే తడి దుప్పట్లు మోసుకుంటూ ఎవరో ఒకరు ఎదురొస్తారు. నేను చెడ్డవాణ్ణి కాదు. కానీ నాకు కష్టంగానే ఉంటుంది."

అది ఆయన మనసులోని మాటే.

"ఇంకో సంగతి. కమిటీలో అందరం అనుకున్నాం. జిమ్‌కి చెల్లాయిగారి పేరు పెడదామని."

మా చెల్లెలు కళ్ళముందే బస్సు కదిలిపోతున్నా పరిగెత్తేది కాదు. ఇంకోటి రాదా ఏం, అని నిలబడిపోయేది. నాకు నవ్వు రాబోయింది. చాలాకాలం తరవాత వచ్చిన నవ్వు. ఆయన ముందు ఖర్చుపెట్టడానికి మనసొప్పలేదు.

"ఆలోచించి చెబుతానండి."

"ఇందులో ఆలోచించేదేముందమ్మా?" అంటూనే లేచారు.

ఆయన వెళ్ళాక కూడా ఆ మంగళవారం మాట నన్ను వదల్లేదు. ఆ వంతు మాది. ఆమె పోయాక దాన్ని ఎవరు తీసుకుని ఉంటారా అని నేనెప్పుడూ అనుకోలేదు. ఎవరూ తీసుకోకపోవడం మరీ విచిత్రంగా ఉంది.

మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి తిన్నగా గది దగ్గరికి వెళ్ళాను. సర్క్యులర్‌గారు చెప్పినట్టే లోపల చీకటి. కానీ మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. సిటీ బస్సు డ్రైవరు యూనిఫాంలో. పక్కన తడి దుప్పట్ల మూట. మూట కింద నీళ్ళు చిన్న మడుగు కట్టాయి. మా చెల్లెలి కబుర్లలో ప్రతి మంగళవారం వినిపించే డ్రైవరమ్మ ఈమేనని యూనిఫాం చూసి గ్రహించాను.

"తాళం లేదా?" అన్నాను.

"ఉంది."

"మరి బయట కూర్చున్నారేం?"

నన్ను ఎగాదిగా చూసింది. "నా వంతు దీని తరవాతది. ఇది మీ చెల్లెలుగారి వంతు టీచరుగారూ."

ముందు నాకు అర్థం కాలేదు. ఆమె లేచి తలుపు తోసి లైటు వేసింది. తలుపు పక్కన చెక్క పలక, దాని మీద వరసగా మేకులు. ఒక్కో మేకు ఒక్కో వంతు. ప్రతి ఇంటికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఏ మేకుకు ఎవరి బిళ్ళ వేలాడుతుంటే ఆ వంతు వాళ్ళది. తమంతట తాము తీసుకునేదాకా అది వాళ్ళదే. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోరు. ఆ గదిలో ఉన్న పద్ధతంతా అదే. గొడవలు లేకుండా ఇన్నేళ్ళు నడిచింది ఆ ఒక్క పద్ధతి మీదే. మంగళవారం సాయంత్రం మేకుకు మా ఇంటి బిళ్ళ వేలాడుతోంది.

"అప్పటినుంచీ ఇలాగేనా? ఎవరూ ఉతుక్కోవడం లేదా?"

"ఎలా ఉతుక్కుంటాం? బిళ్ళ ఉంది కదా."

"చనిపోయిన మనిషికి వంతేమిటమ్మా!" నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"అది మీరు చెప్పాలి. ఆవిడ బిళ్ళ ఆవిడ తియ్యాలి, లేదా ఆవిడ ఇంటివాళ్ళు తియ్యాలి. మీరొచ్చి తియ్యలేదు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి తలుపు కొట్టి, 'మేడమ్, మీ బిళ్ళ తీసేస్తారా' అని అడగమంటారా? మా వాళ్ళలో ఎవరికీ ఆ నోరు లేదు. ఉన్నవాళ్ళ నోరు నేను మూయించాను."

"మీరిలా ఖాళీగా వదిలేస్తే, మీకు గదే అక్కర్లేదని మా బ్లాకులో చెప్పుకుంటున్నారు."

ఆమె మొహం మారిపోయింది. నవ్వింది, కోపంగా. "బాగుందండీ. మర్యాద చేస్తే అది మా నెత్తికే చుట్టుకుందన్నమాట. ఇంతకీ మీరూ అదే చెప్పడానికి వచ్చారా? ముందు బ్లాకు మొత్తం ఒక మాట మీద ఉందిగా. తియ్యండి బిళ్ళ. తీసి పట్టుకెళ్ళండి. మా మీద జాలి పడక్కర్లేదు."

"నేను జాలి పడలేదు. చూద్దామని వచ్చాను."

"చూశారుగా."

ఆ మూట గురించి అడిగాను. చెప్పడం ఇష్టం లేనట్టే మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నకు పక్షవాతం. మంచం దిగలేరు. రోజూ దుప్పట్లు తడుస్తాయి. ఇంటికి వచ్చి చూసే నర్సు ఈమధ్య గట్టిగా చెప్పిందట, పక్క పొడిగా ఉండాలి, వీపు మీద పుండు లేస్తే ఆయన్ను వృద్ధుల వార్డులో చేర్పించమని రాయాల్సి వస్తుందని. ఆ వార్డు ఊరికి ఆ చివర. "బస్సు దిగి ఇంటికొచ్చి, మళ్ళీ రోడ్డు దాటి ఆ షాపులో ఇవి ఉతుక్కుని, అంతసేపూ ఆయన్ని ఒంటరిగా వదిలి... కుదరదు టీచరుగారూ. గది పోతే మా నాన్న పోతాడు. నాకు అంతే లెక్క."

నేను బిళ్ళ మీద చెయ్యి వేశాను. ఇత్తడి చల్లగా ఉంది. తీద్దామనే వేశాను. తీస్తే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పలక మీద ముందు బ్లాకు బిళ్ళ ఒక్కటి కూడా ఉండదు. తియ్యకుండా వదిలేస్తే అది బతికున్నవాళ్ళకు అడ్డంగా వేలాడే బిళ్ళ. మూడో దారి ఒక్కటే ఉంది.

"ఇవాళ నా వంతు మీకిస్తున్నాను. లోపలికి పదండి," అన్నాను. "వచ్చే మంగళవారం నుంచి నేనే వస్తాను."

"మీరా? ఉతకడానికా?"

"బిళ్ళ మా ఇంటిదేగా."

నమ్మినట్టు కనబడలేదు. కానీ మూట ఎత్తుకుంది.

ఆరిన దుప్పట్లు రెండు మూటలయ్యాయి. ఒకటి నేను పట్టుకుని వెనక బ్లాకు మెట్లెక్కాను. ఇన్నేళ్ళుగా ఎదురుగానే ఉంటున్నా ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. మంచంలో పెద్దాయన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మూతి కొంచెం వంకర, కళ్ళు మాత్రం చురుకు.

"నాన్నా, చిన్నక్కగారి అక్కగారు."

"అంటే పెద్దక్కగారనొచ్చుగా, చుట్టు తిప్పడం దేనికి? బస్సు నడిపీ నడిపీ దీనికి మాటల్లో కూడా చుట్టుదారే," అన్నారాయన. ముద్దగా వచ్చినా మాట తెలుస్తోంది. "ఏమ్మా, గది మూసేస్తున్నారటగా?"

"చూద్దామండి."

"నేను పోయినా నా బిళ్ళ తియ్యొద్దని చెప్పాను దీనికి. మీ చెల్లెలిదీ నాదీ వేలాడుతూ ఉంటే, ఆ కాగితాలాయన మీటింగు మాతోనే పెట్టుకోవాలి."

"నాన్నా!" అంది కూతురు.

ఆయన నా మొహం చూసి, "నవ్వమ్మా, ఫరవాలేదు. ఆ పిల్ల అయితే ఈపాటికి నాకు నాలుగు తగిలించేది," అన్నారు.

నవ్వాను. ఈసారి దాచుకోలేదు.

మరుసటి మంగళవారం బుట్ట ముందు కూర్చున్నాను. మాసినవన్నీ ఆమె బట్టలే. నా బట్టలు అప్పటికే చేత్తో ఉతికేసి ఉన్నాను. ఒక జాకెట్టుకు ఇంకా ఆమె షాపులో అద్దాలు తుడిచే మందు వాసన ఉంది. ఇన్నాళ్ళూ ఆ బుట్ట మూత తియ్యకపోవడానికి కారణం అదే. తీసినకొద్దీ వాసన తగ్గిపోతుందేమోనని భయం. ఉతికితే ఇక ఉండదు. అది తెలిసే బుట్ట ఎత్తాను. నా దగ్గర ఉతకడానికి వేరే ఏమీ లేదు, మంగళవారం వచ్చేసింది.

లిఫ్టులో సర్క్యులర్‌గారు ఎదురయ్యారు. బుట్ట వైపు చూశారు, నా వైపు చూశారు.

"మీకెందుకండీ ఈ శ్రమ? కమిటీ తరఫున మీ ఇంటికో మెషీన్ ఏర్పాటు చేసేవాళ్ళం కదా, ఒక్క మాట చెబితే."

"కిందే ఉందిగా అండి, మెషీన్."

ఆయనకు విషయం అర్థమైంది. అర్థమైందని నాకూ అర్థమైంది. కింద తలుపు తెరుచుకునేదాకా ఇద్దరం అంకెలే చూస్తూ నిలబడ్డాం.

నాకు ఆ మెషీన్ వాడటం రాదు. బకెట్‌కి వేసినట్టు గుప్పిళ్ళతో పొడి పోశాను. కాసేపటికి మెషీన్ మూతి నుంచి నురగ కారడం మొదలైంది. తుడుస్తున్నకొద్దీ వస్తోంది. డ్రైవరమ్మ గుమ్మంలో నిలబడి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చివరికి ఆపుకోలేక గోడకి జారగిలబడింది.

"టీచరుగారూ, బట్టలు ఉతకమంటే బ్లాకు మొత్తం కడుగుతున్నారు!"

"నవ్వింది చాలుగానీ ఎలా ఆపాలో చెప్పు."

"చదువుకున్నవాళ్ళకి నేను చెప్పడమా!" అంటూనే వచ్చి మీట తిప్పింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచాం. బట్టలు బయటికి తీసినప్పుడు జాకెట్టు మొహానికి ఆనించుకుని చూశాను. సబ్బు వాసన. డ్రైవరమ్మ అది చూసి బుట్టకు రెండో వైపు పట్టుకుంది.

తరవాతి మంగళవారం వెళ్ళాను. ఆ తరవాతా వెళ్ళాను. లిఫ్టులో ఇంకో కాగితం వచ్చింది: ఒకరిద్దరి మొండితనం వల్ల అందరి ప్రయోజనం దెబ్బతినడం బాధాకరమని. ఒకరిద్దరిలో రెండోవారెవరో నాకు తెలియలేదు. చెల్లెలు పోయిన కొత్తలో స్కూల్లో స్టాఫ్‌రూములా, మా బ్లాకు కూడా ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతుండేది, నేను నడిచి వచ్చేసరికి. ఎదురింటి పిన్నిగారు మాత్రం మొహమాటం లేకుండా తలుపు తెరిచి నిలదీశారు.

"ఏమే, నీకేం పోయేకాలం? రేపు అమ్ముకుందామంటే మన ఇళ్ళకు ఎవడొస్తాడు? జిమ్ ఉంటే ఎంత కళ!"

"మీరు జిమ్‌కి వెళతారా పిన్నిగారూ?"

"నా మోకాళ్ళతోనా?"

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. పదిమందితో పాటు ఉండాలి," అని తలుపు వేసేసుకున్నారు. వేసి, మళ్ళీ కాస్త తెరిచి, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

ఇన్‌స్పెక్టరు మంగళవారమే వచ్చింది. సర్క్యులర్‌గారే ఆ రోజు అడిగి ఉంటారు. గది ఖాళీగా ఉండే వంతు అని ఆయన లెక్క. నేను మళ్ళీ మొదలుపెట్టినా, ఇన్‌స్పెక్టరు ముందు నిలబడేంత పట్టుదల నాకు ఉండదని అనుకుని ఉంటారు. నా గురించి అలా అనుకోవడం తప్పేమీ కాదు. ఇంతకు ముందు ఏ మీటింగులోనూ నేను నోరు మెదిపిన మనిషిని కాదు.

ఇన్‌స్పెక్టరు చిన్న వయసు అమ్మాయి. తడి గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని తిరిగింది. మెషీన్లు చూసింది, పలక చూసింది. గది నిండా జనం. ఒక వైపు మావాళ్ళు, ఒక వైపు వెనక వాళ్ళు. మధ్యలో నా బట్టలు గిర్రున తిరుగుతున్నాయి.

"ఇది ముందు బ్లాకు బిళ్ళేనా?" అంది ఇన్‌స్పెక్టరు.

"మాదే," అన్నాను.

సర్క్యులర్‌గారు గొంతు సవరించుకున్నారు. "మేడమ్, వాస్తవం చెప్పాలి. ఈ గదిని వాడింది వీరి సోదరి. పాపం, ఆవిడ కాలం చేశారు. తరవాత నెలల తరబడి ఈ వంతు ఖాళీ. మీ తనిఖీ ఉందని తెలిశాక టీచరుగారు మొదలుపెట్టారు. ఇది వాడకం కాదు, ప్రదర్శన."

"ఖాళీగా ఎందుకుందో మేం చెబుతాం!" అని డ్రైవరమ్మ ముందుకు వచ్చింది. నేను చెయ్యి ఎత్తి ఆపాను. క్లాసులో ఆపినట్టే ఆపానేమో, ఆమె నిజంగానే ఆగిపోయింది.

"ఖాళీగా ఉంది, నిజమే," అన్నాను. "మా ఇంటి బిళ్ళ తియ్యడానికి వీళ్ళకు మనసొప్పలేదు. అవసరం ఉండి కూడా మా చెల్లెలి వంతు ముట్టుకోకుండా బయట మెట్టు మీద కూర్చున్నారు. అక్కర్లేక వదిలేశారని పైనుంచి చూసినవాళ్ళు అనుకున్నారు."

ఇన్‌స్పెక్టరు పలక వైపు మరోసారి చూసింది. "సరే. మీ సంగతి చెప్పండి. సెక్రటరీగారు అన్నట్టు, మా తనిఖీ కోసమే మొదలుపెట్టారా?"

కాదని చెప్పవచ్చు. మెషీన్ లేదు, చేతులు నొప్పి, ఏదో ఒకటి. వెనక వాళ్ళందరూ నేను కాదంటానని చూస్తున్నారు. కానీ ఈ గది నిలబడటానికి నా మాట ఒక్కటే ఆధారం. అందులో అబద్ధం కలిస్తే సర్క్యులర్‌గారు దాన్ని రేపు లిఫ్టులో అంటిస్తారు.

"అవునండి. మీ తనిఖీ కోసమే మొదలుపెట్టాను," అన్నాను.

గదిలో ఒక్కసారి కలకలం. డ్రైవరమ్మ కళ్ళు మూసుకుంది.

"మొదలుపెట్టింది అందుకే. ఇక ఆపను."

"ఎన్నాళ్ళు?"

"నా బట్టలు మాసినన్నాళ్ళు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా గొడుగు చేయి మార్చుకుని నవ్వు దాచుకుంది. "వాడటానికి కారణం ఏమిటని ఒప్పందంలో లేదు. వాడుతున్నారా లేదా అనే ఉంది," అంది.

"ఒక్క ఇల్లండీ!" అన్నారు సర్క్యులర్‌గారు. "ఒక్క ఇంటి కోసం..."

"ఎన్ని ఇళ్ళని కూడా లేదండి."

అప్పుడు వెనకనుంచి ఎదురింటి పిన్నిగారు అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చి మెషీన్ లోపలికి వంగి చూశారు. "ఇదేమిటే, ఇంత పెద్దదా? ఇందులో నా బొంత పడుతుందా? ఇంట్లోదానిలో సగమే పట్టి మిగతా సగం బయట వేలాడుతుంది."

"రెండు బొంతలు పడతాయి పిన్నిగారూ," అంది డ్రైవరమ్మ.

"అయితే నాకూ గురువారం ఒక మేకు చూపించు. వద్దులే, గురువారం మా టీవీ సీరియల్ ఉంది. శుక్రవారం చూడు." సర్క్యులర్‌గారు ఆమెను పేరు పెట్టి పిలిచారు, బతిమాలినట్టు. "ఉండవయ్యా. జిమ్ ఏమన్నా నా బొంత ఉతుకుతుందా?" అన్నారావిడ.

గది ప్రస్తుతానికి ఉమ్మడిగానే ఉంటుందని ఇన్‌స్పెక్టరు చెప్పింది. ఏటా వచ్చి చూస్తానని కూడా చెప్పింది. ఆ రెండో మాట సర్క్యులర్‌గారు జాగ్రత్తగా విన్నారు. నేనూ విన్నాను. అందరూ వెళ్ళిపోయాక ఆయన గుమ్మంలో ఆగారు.

"నేను మీకు శత్రువుని కాదు టీచరుగారూ."

"తెలుసండి. ఆసుపత్రిలో మీరు చేసింది నేను ఎప్పటికీ మరిచిపోను. దీంట్లో మాత్రం మీ మాట వినను."

ఆయన తల పంకించి వెళ్ళిపోయారు. కాగితాలు ఆగలేదు. శబ్దం గురించి వచ్చింది, కరెంటు గురించి వచ్చింది, నేల తడి గురించి వచ్చింది. నేల తడి సంగతి మాత్రం నిజమే అని నేను కమిటీ ముందు ఒప్పుకుని గుడ్డ కొనిపెట్టాను.

పరీక్షల కాలం వచ్చింది. స్కూల్లో పొద్దున్నుంచి నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద కొండలా ఉన్నాయి. బయట ఈదురుగాలి. మంగళవారం సాయంత్రం. ఇల్లంతా వెతికితే మాసినవి ఒక తువ్వాలు, రెండు చేతిరుమాళ్ళు. ఒక్కదాన్నే ఉన్న ఇంట్లో ఏం మాస్తాయి? ఒక్క వారం మానేస్తే కొంప మునగదు. అలా అనుకుంటూనే కుర్చీ వేసుకుని ఎక్కి, హాల్లో కిటికీ పరదాలు విప్పాను. శుభ్రంగానే ఉన్నాయి. బుట్టలో కుక్కాను. దిండ్ల గలేబులు కూడా తీశాను.

లిఫ్టులో సర్క్యులర్‌గారు ఉన్నారు. బుట్టలోకి తొంగి చూశారు.

"పరదాలా?"

"పరదాలేనండి."

"పోయిన నెల కూడా పరదాలే అనుకుంటా."

"మీకు బాగా గుర్తుందండి."

నా చేతులు రెండూ బుట్ట పట్టుకుని ఉన్నాయి. ఆయన చెయ్యి చాపి కిందికి బటన్ నొక్కారు.

గది దగ్గర డ్రైవరమ్మ అప్పుడే మూటతో నిలబడి ఉంది, ఈసారి గుమ్మం లోపల. నర్సు పొద్దున వచ్చి వెళ్ళిందని, నాన్న వీపు చూసి ఏమీ అనలేదని చెప్పింది. చెబుతూనే నా బుట్టలో చెయ్యి పెట్టి పరదా అంచు పైకెత్తి లైటు కింద పట్టి చూసింది.

"ఇవెక్కడ మాసాయి టీచరుగారూ?"

"మాసినట్టే ఉన్నాయిలే."

"సరే కానివ్వండి, తొందరగా. అవతల నా దుప్పట్లున్నాయి. పోయిన వారంలా మీ వంతు దాటి నా వంతులోకి వచ్చారంటే ఊరుకోను."

"ఊరుకోవద్దు," అని పొడి డబ్బా అందుకున్నాను.